బొక్కసము గల చదరంగము

చదరంగమను మాటలోనే సైన్యము దాగియున్నది. రథ గజ తురగ పదాతులను నాలుగు అంగములు గలది గావున పూర్వులు చతురంగమనిరి. ఆ పేరే వాడుకలో చదరంగమైనది. క్రీస్తుశకము 7వ శతాబ్దమున హర్షుని యాస్థానముననున్న బాణభట్టు తన హర్షచరితమున దీనిని ప్రస్తావించినాడు. ఆ పిమ్మట నీ క్రీడ పడమరకు నడచి, పారసీకులచే చత్రంగనియు, అరబ్బులచే శత్రంజనియు పిలువబడి, యూరపుఖండము చేరినది. దక్షిణాపథమున కల్యాణి చాళుక్య చక్రవర్తియగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమునందు రాజవినోదములలో నిదియు నొకటిగా వర్ణింపబడినది. నాటి కల్యాణియే నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము. కర్ణాటకమున స్థిరపడిన మనవారికి ఆ గ్రంథము పొరుగింటి సొత్తన్నమాట.

ఇంత ప్రాచీనమైన యీ యాటలో నొక కొరత గలదు. రాజు కలడు, మంత్రి కలడు, సేన కలదు. ఆ సేనకు జీతబత్తెము లిచ్చు బొక్కసము మాత్రము లేదు. కౌటిల్యుడు రాజ్యమునకు స్వామి, అమాత్యుడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రుడు అని యేడంగములను జెప్పి, సమస్త కార్యములకును కోశమే మొదలని నిర్ణయించినాడు. మన కృష్ణదేవరాయలును ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగమున యుద్ధముతోపాటు రాబడిని, దుర్గములను, రేవులను గూర్చి యెంతో శ్రద్ధతో ముచ్చటించెను. చదరంగమున నున్నది ప్రధానముగా దండము. తక్కిన యంగములలో బెక్కు పలకకు వెలుపలనే యుండిపోయినవి. అవి యెప్పుడు, ఏ దారిని ఆటలోనికి వచ్చినవో చూపుటయే యీ వ్యాసము యొక్క యుద్దేశము. ఆ దారి యొక వీడియో ఆటలో ముగియుచున్నదని ముందే చెప్పిన పెద్దలు పుట తిప్పివేయుదురేమో; కొంచెము నిలువవలెనని ప్రార్థన.

చదరంగమున నుభయపక్షములును సమబలములు. లోకమున యుద్ధములట్లు జరుగవు. ఈ సంగతి మన పులిజూదమునకు ముందే తెలియును. తమిళసీమలో ఆడుపులి యాట్టమనియు, కన్నడసీమలో ఆడుహులి యనియు పిలువబడు నీ యాటకు గీసిన గీతలు ఎన్నో దేవాలయ మండపముల రాతినేలపై నేటికిని కనబడును. మూడు పులులు, పదునైదు మేకలు గల ఆటనే తీసికొందము. పులి మేకపైనుండి దుమికి దానిని చంపగలదు. మేకకు చంపు శక్తి లేదు, దారి కట్టివేయు శక్తి మాత్రమే కలదు. మేకలన్నియు నొక్కసారిగా పలకమీద నుండవు. వంతునకొకటి చొప్పున దిగును. అనగా బలము క్రమక్రమముగా చేరుట, ఇరుపక్షముల ధర్మములు వేరగుట, రెండును ఇందులో నున్నవి. ఈ రెంటిలో చదరంగమున కొకటియు లేదు. పులిజూదమును పల్లెయాటయని తేలికచేయుట న్యాయము కాదని నా తలపు.

యూరపులో సైనికాధికారుల విద్య కొరకు చదరంగమును విస్తరించిరి. 1780లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగున హెల్విగ్ అను పండితుడు పదునారు వందలకు పైగా గడులు గల యుద్ధక్రీడను ప్రకటించెను. 1812లో రైస్విట్జ్ ప్రష్యారాజునకు మరియొకటి చూపెను. ఆయన కుమారుడు 1824లో దానిని సంస్కరించి, పటములమీద నాడునట్లు చేసెను. దానిలో పాచికలు, నష్టముల పట్టికలు, అన్నిటికంటె ముఖ్యముగా ఇరువురి నడుమ లెక్క తేల్చు మధ్యవర్తి యుండిరి. 1913లో ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ బొమ్మసిపాయిల యుద్ధమునకు నియమములు వ్రాసెను. 1974లో అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్ అనువారు యుద్ధక్రీడలోనికి మాంత్రికులను, రాక్షసులను, డ్రాగన్లను దించి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ను వెలువరించిరి. కంప్యూటరు వచ్చిన పిమ్మట నా మధ్యవర్తి పీఠము యంత్రమునకు దక్కినది. అది పాచికలు వేయును, పట్టికలు చూచును, అలసిపోదు.

కాలిఫోర్నియాలోని న్యూ వరల్డ్ కంప్యూటింగ్ అను సంస్థకు జాన్ వాన్ కెనెగెమ్ స్థాపకులలో నొకడు. అచ్చట 1990లో ‘కింగ్స్ బౌంటీ’ యను ఆట పుట్టినది. దాని వంశమున 1995లో ‘హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్’ జన్మించి, 1999లో మూడవ భాగముగా పరిపక్వమైనది. కథ చిన్నది: కేథరిన్ అను రాణి తండ్రి యంత్యక్రియలకై పుట్టిల్లగు ఎరాథియాకు వచ్చునప్పటికి రాజ్యము శత్రువుల పాలై యుండును. కథకంటె ఆటయొక్క కట్టడి ముఖ్యము.

ఒక వంతనగా నొక దినము. ఏడు దినములొక వారము. ఆటగానికి కోటగల పట్టణమొకటి, నాయకుడొకడు ఉందురు. చూడని భూమి యంతయు నల్లని తెరచాటున నుండును. నాయకుడు గుఱ్ఱమెక్కి యా తెరను తొలగించుకొనుచు పోవలెను. దినమునకింత దూరమే నడువగలడు. ఆ దూరము సేనలోని మిక్కిలి మందగామిని బట్టి యేర్పడును. బాటయున్నచో సులువు, ఇసుక, మంచు, చిత్తడినేల అడ్డు. దండయాత్రలో పదాతి వెనుకబడినచో గుఱ్ఱపుదళమును ఆగవలసినదే గదా!

ఇక కోశము. బంగారము, కలప, ముడిఖనిజము, పాదరసము, గంధకము, స్ఫటికము, మణులు అని సంపద యేడు విధములు. గనులను పట్టుకొన్నవానికి కలపయు ఖనిజమును దినమునకు రెండేసి పాళ్లు, పాదరసాదులు ఒక్కొక్క పాలు, బంగారుగని నుండి 1000 నాణెములు చేరును. పట్టణపు కచేరీ తొలుత దినమునకు 500 నాణెములు తెచ్చును. దానిని పెంచుకొనుచు పోయినచో 1000, 2000, తుదకు 4000 వరకు తెచ్చును. అయితే పట్టణమునందు దినమునకొక కట్టడమే కట్టవలెను. నేడు కచేరీని పెంచిన సైనికశాల రేపటికి వాయిదా; నేడు సైనికశాల కట్టిన రాబడి వాయిదా. పొరుగురాజు తెరవెనుక నెంత దూరమున నున్నాడో తెలియదు. ఆటయొక్క రుచి యంతయు నీ యొక్క ప్రశ్నలోనే యున్నది. మొదటివారమున బొక్కసము పెంచినవాడు మూడవవారమున బలవంతుడగును, అంతవరకు బ్రతికియున్నచో.

సేన వారమున కొకమారు పెరుగును. బల్లెగాండ్రు వారమునకు 14 మంది దొరకుదురు, మనిషికి 60 నాణెములు. అదే పట్టణమున నగ్రశ్రేణియగు దేవదూత వారమున కొక్కడే. అతనికి 3000 నాణెములు, పైన నొక మణి. పట్టణజాతులెనిమిది. ఒకచో మానవులు, ఒకచో వనచరులు, ఒకచో నరకవాసులు. ఒకజాతి మాంత్రికులైతే యుద్ధమున చచ్చినవారినే యస్థిపంజరములుగా లేపి తమ సేనలో చేర్చుకొందురు. పులికి మేకకు నున్నంత భేద మీ జాతులకు నున్నది.

రెండు సేనలు తలపడినప్పుడు దృశ్యము మారి షట్కోణపు గడుల పలక తెరచుకొనును. ఒక బొమ్మ ఒక దళము. దాని యడుగున నున్న అంకె దళసంఖ్య. వేగము గలది ముందు కదలును. కొట్టబడిన దళము తిరిగి కొట్టును గాని, యా యెదురుదెబ్బ సాధారణముగా సుత్తునకొక్కటే. కావున నేర్పరి మొదట నొక యల్పదళమును బంపి శత్రువుచే నా దెబ్బ వేయించి, పిదప ముఖ్యబలముతో మీదపడును. కర్ణుని శక్త్యాయుధము ఘటోత్కచునిపై ఖర్చగునట్లు చేసిన శ్రీకృష్ణుని తంత్రమిదియే. విలుకాండ్రు దూరమునుండి కొట్టుదురు. మిక్కిలి దూరమైన సగము ఫలితమే, శత్రువు పక్కకు వచ్చి నిలిచిన విల్లు పనికిరాదు. నాయకుడు తాను కత్తి దూయడు. సుత్తునకొక మంత్రము వేయును, లేదా సొమ్ము చెల్లించి లొంగును, లేదా పారిపోవును. పట్టణములన్నియు పోగొట్టుకొన్న రాజునకు ఏడు దినముల గడువు కలదు. ఆలోపల నొకటియైన పట్టుకొననిచో ఆట ముగిసినట్లే. దుర్గమునకు దండముతోపాటు విలువ నిచ్చిన యీ నియమము కౌటిల్యునికి నచ్చియుండును.

నచ్చనిదియు నొకటి యుండును. ఇచ్చట జనపదము పేరునకే. గనిలో పనివాడు కనబడడు, రైతు పన్నునకు మొరపెట్టడు, కరవు రాదు. మాసారంభమున నప్పుడప్పుడు మహమ్మారి వచ్చి అమ్మకమునకున్న సేనలను సగము చేయును. అదియు సంఖ్యయే గాని దుఃఖము కాదు. ఏడంగములలో ఆట కోశమును, దుర్గమును, దండమును చక్కగా నేర్చినది, జనులను నేర్వలేదు. పిల్లలు దీనినుండి రాజ్యమన నేమో నేర్తురనువారు ఈ కొరతను మరువరాదు.

ప్రచురణ సంస్థయగు త్రీడీవో 2003లో దివాలా తీసినది. హక్కులు ఫ్రాన్సు దేశపు యూబీసాఫ్ట్ చేతికి బోయినవి. అయినను ఆట చావలేదు. పోలండు, రష్యా మున్నగు దేశములలో జనులు దానిని విడువలేదు. 2011లో అభిమానులే ‘హార్న్ ఆఫ్ ది అబిస్’ అను క్రొత్త భాగమును చేర్చి, యేండ్ల తరబడి దానిని మెరుగుపరచిరి. కన్నవారు పోయిన పిదప పెంచినవారిది బిడ్డ యైనట్లున్నది.

ఈ యాటలో మన గృహములకు పనికివచ్చు నొక పద్ధతి గలదు. ఒక్క యంత్రము ముందు పలువురు కూర్చుండి వంతులవారీగా నాడవచ్చును. దీనిని హాట్‌సీట్ అందురు. నా వంతు ముగియగానే కుర్చీ నీది. శత్రువు పటము చూచిన మోసమగును గావున తక్కినవారు మొగము త్రిప్పుకొని కూర్చుండవలెను. ఆ వేచియుండు వేళ మాటలు తప్ప వేరు పని లేదు. హొసూరులోనో, బళ్లారిలోనో, బరంపురములోనో, షోలాపురములోనో మన పిల్లలలో బెక్కుమంది బడిలో వేరొక లిపి దిద్దుచున్నారు. తాతతో తెలుగున మాటాడుటకు వారికి విషయము దొరకుట కష్టము. అరుగుమీద పులిజూదమున్నప్పుడు విషయము దానంతటదే దొరకెడిది. “తాతా, మేకను అక్కడ పెట్టకు” అనుటకు వ్యాకరణ మక్కరలేదు.

ఈ యాటకైనను మాట లెన్నియో కావలెను. మాంత్రికుల పట్టణమున ఆరు చేతులు, సర్పశరీరము గల యొక స్త్రీ యున్నది. దాని పేరు ఆంగ్లమునను నాగయే. ఆమె కొట్టినచో నెదురుదెబ్బ లేదు. ఆ పేరు మనము తర్జుమా చేయనక్కరలేదు, పిల్లవానికి కథ చెప్పిన చాలును. డేగతల, సింహపు మేను గల గ్రిఫిన్ కేమందుము? హంపీలోను, లేపాక్షిలోను స్తంభములపై నిలిచిన వ్యాళములను చూపి, సింహముతల గలది సింహవ్యాళము, ఏనుగుతల గలది గజవ్యాళము, అట్లే యిది గృధ్రవ్యాళమని యొకరన్నారు. కాదు, గ్రద్దసింగమే చెవికింపని వారింటి పిల్ల వాదించినది. నా యోటు పిల్లకే.