ఇంటి ఫియట్ రేసు కారైన కథ

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి తమ్ముళ్లు చాలామంది అడిగేది ఒకటే: "అన్నా, రోజూ నడిపే సెడాన్‌ను ట్రాక్ కారు చెయ్యొచ్చా?" ఒకప్పుడు మన దేశంలో చాలా రేసు కార్లు అట్ల పుట్టినవే.

మద్రాసు పక్కన షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది. 1950ల నుంచి దాని మీద రేసులు నడిచాయి. దిగుమతులపై ఆంక్షలున్న కాలం. దొరికేవి ప్రధానంగా మూడు: అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్. రేసుకైనా ఇంటి కారే దిక్కు.

ఫియట్ 1100నే చూడండి. ఇంజన్ 1089 సీసీ. ఉరకాలంటే ముందు వెనక సీటు, బంపర్లు పీకి బరువు తగ్గించాలి. సిలిండర్ హెడ్ అరగదీసి కంప్రెషన్ పెంచాలి. పెద్ద కార్బురేటర్ పెట్టాలి. కానీ బ్రేకులు? నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. గట్టిగా వాడితే వేడెక్కి పట్టు వదిలేస్తాయి. అందుకే అసలు పని బ్రేకులతో మొదలవ్వాలి.

తర్వాతి మెట్టు కోయంబత్తూరులో. తెలుగు మూలాలున్న లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన కరివర్ధన్, మారుతి 800 ఇంజన్‌తో ఒంటి సీటు 'ఫార్ములా మారుతి' తయారుచేశాడు. దాంట్లో మొదలుపెట్టిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ దాకా వెళ్లాడు.

వాళ్ల వేగానికి రన్‌వే ఉంది, తర్వాత ఇరుంగట్టుకోట్టై ట్రాక్ ఉంది. మనకు? 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఫార్ములా ఈ జరిగింది, అదీ హుస్సేన్ సాగర్ పక్క రోడ్ల మీదే. ట్రాక్ లేని ఊళ్లో ట్రాక్ కారు జనగామ హైవే ఎక్కుతది. ఆ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు, ధాన్యం ట్రాక్టర్, బడి పిల్లలు ఉంటారు. కారు కట్టండి తమ్ముళ్లూ, కానీ ఉరికించేది ట్రాక్ మీదనే.