తెరపై తెలుగు పాఠం: బ్రౌజర్ మార్పిడి చరిత్రలో లిపి పాత్ర

తాళపత్ర ప్రతుల నుంచి ముద్రిత ప్రతుల వరకు తెలుగు పాఠచరిత్రను పరిశీలించేవారెవరూ లేఖకుడిని విస్మరించరు. ఒకే కావ్యానికి దొరికిన రెండు ప్రతులలో పాఠభేదం కనిపించినప్పుడు, అది కవిదా లేఖకుడిదా అన్న ప్రశ్నతోనే పరిష్కరణ మొదలవుతుంది. అంతర్జాలంలో వెలువడిన తెలుగు రచనలకు కూడా ఈ ప్రశ్న వర్తిస్తుంది. అక్కడ లేఖకుడి స్థానంలో ఉన్నది బ్రౌజర్. దానికి ‘విహారిణి’ అన్న అందమైన తెలుగు పేరు ఉన్నమాట నిజమే. కాని తొలి పదిహేనేళ్లలో తెలుగు పాఠకుడికి అది విహారానికి తోడు కావడం కన్నా, వచ్చిన సంకేతాలను అక్షరాలుగా రాసిపెట్టే రాయసగానిగానే ఎక్కువ ఉపయోగపడింది. ఆ రాత సరిగా లేకపోతే పాఠకుడు రాయసగాడిని మార్చుకున్నాడు.

సాధారణంగా చెప్పే బ్రౌజర్ల చరిత్రలో వేగం, భద్రత, వ్యాపార ఆధిపత్యం ప్రధానాంశాలు. 1994 చివర వచ్చిన నెట్‌స్కేప్ నావిగేటర్, దానికి పోటీగా మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్, 1998 మేలో అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్‌పై వేసిన దావా, 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్, 2008 సెప్టెంబరులో క్రోమ్ అన్నది ఆ కథాక్రమం. తెలుగు పాఠకులు కూడా ఇదే క్రమంలో ఒక బ్రౌజర్ నుంచి మరొకదానికి మారారు. మారడానికి గల కారణాలు మాత్రం చాలాసార్లు వేరు. ఆ కారణాలను విడదీసి చూస్తే, అంతర్జాల తెలుగు పాఠంలో కొంత భాగం నేడు ఎందుకు చదవరాకుండా పోయిందో తెలుస్తుంది.

సొంత ఫాంటుల కాలం

భారతదేశంలో ప్రజలకు అంతర్జాల సేవ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా మొదలైంది. అప్పటికి యూనికోడ్‌లో తెలుగుకు చోటు ఉంది. 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. అయితే సంకేతం ఉన్నంత మాత్రాన అక్షరం కనిపించదు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం యూనికోడ్‌లో ఆరు సంకేతాల వరుస: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ గుడి. ఈ ఆరింటినీ కూర్చి ఒక అక్షరంగా గీసే పరికరం అప్పటి సామాన్య కంప్యూటర్లలో లేదు.

అందుచేత పత్రికల జాలస్థలాలు మరో దారి పట్టాయి. రోమన్ అక్షరాలకు కేటాయించిన స్థానాలలోనే తెలుగు ఆకృతులను కూర్చి సొంత ఫాంటులు చేసుకున్నాయి. ఆ ఫాంటులో ఉన్న 256 స్థానాలు తెలుగు గుణింతాలకూ వత్తులకూ చాలవు కనుక అక్షరాన్ని ముక్కలు చేయవలసి వచ్చింది. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, వత్తు మరో ముక్క. అచ్చుకూటంలో సీసపు దిమ్మలను పేర్చిన పద్ధతికి ఇది దగ్గర. ఉచ్చారణ క్రమంతో దీనికి నిమిత్తం లేదు. కంటికి కనిపించే క్రమమే ప్రమాణం. ఏ ముక్కను ఏ స్థానంలో ఉంచాలన్నది ప్రతి పత్రికా తన ఇష్టప్రకారం నిర్ణయించుకుంది. కాబట్టి ఒక పత్రిక ఫాంటుతో మరో పత్రికను చదవడం సాధ్యం కాలేదు. ఫాంటు లేని కంప్యూటరులో పుట అంతా అర్థంలేని రోమన్ గుర్తుల గుంపుగా కనిపించేది.

ఫాంటును పాఠకుడు ముందుగా స్థాపించుకోనవసరం లేకుండా పుటతోపాటే పంపే సౌకర్యం 1997లో వచ్చింది. బ్రౌజర్ ఎంపికకు లిపి తొలిసారి కారణమైనది ఇక్కడే. నెట్‌స్కేప్ నాలుగో కూర్పు బిట్‌స్ట్రీమ్ సంస్థ రూపొందించిన ట్రూడాక్ పద్ధతిని స్వీకరించింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ నాలుగో కూర్పు మైక్రోసాఫ్ట్ సొంత పద్ధతిని తెచ్చింది. ఒకరి ఫాంటు ఫైలు రెండోవారికి పనికిరాదు. 2000 నవంబరులో వచ్చిన నెట్‌స్కేప్ ఆరో కూర్పు పాత యంత్రాన్ని పూర్తిగా వదిలి మొజిల్లా యంత్రంపై నిర్మితమైంది. ఆ మార్పులో ట్రూడాక్ సౌకర్యం పోయింది. పుటతోపాటు వచ్చే ఫాంటుతో తెలుగు దినపత్రిక చదవదలచినవారికి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తప్ప వేరు దారి దాదాపు లేకపోయింది. విండోస్‌తో కలిపి ఇవ్వడం వల్లనే ఎక్స్‌ప్లోరర్ గెలిచిందన్నది అమెరికా న్యాయస్థానంలో జరిగిన వాదన. తెలుగు పాఠకుడి విషయంలో దానికి ఈ రెండో కారణాన్ని కూడా చేర్చాలి.

ఫైర్‌ఫాక్స్, యూనికోడ్, ‘పద్మ’

2001 అక్టోబరులో విడుదలైన విండోస్ ఎక్స్‌పీతో ‘గౌతమి’ అన్న తెలుగు యూనికోడ్ ఫాంటు వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన ‘పోతన’, ‘వేమన’ యూనికోడ్ ఫాంటులు కూడా పాఠకులకు ఉచితంగా అందాయి. ఎక్స్‌పీ అమరికలలో సంక్లిష్ట లిపుల మద్దతును విడిగా స్థాపించుకుంటే చాలు, ‘స్త్రీ’ తెరపై ‘స్త్రీ’గానే కనిపించేది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, ఆ తరువాత విస్తరించిన తెలుగు బ్లాగులు యూనికోడ్‌నే ఆధారం చేసుకున్నాయి. ఫలితంగా అంతర్జాల తెలుగు రెండుగా చీలింది. ఒకవైపు సొంత ఫాంటుల దినపత్రికలు, మరొకవైపు యూనికోడ్ రచనలు.

ఫైర్‌ఫాక్స్ అడుగుపెట్టినది ఈ చీలిక మధ్యలోకి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఆరో కూర్పులోని భద్రతా లోపాలు 2004 నాటికి ప్రపంచవ్యాప్తంగా చర్చకు వచ్చాయి. ఒకే కిటికీలో అనేక పుటలను తెరిచే ట్యాబులు, అడ్డుపడే ప్రకటనలను ఆపే సౌకర్యం ఫైర్‌ఫాక్స్‌కు అదనపు ఆకర్షణలు. కాని తెలుగు పాఠకుడి తూకంలో ఇవి ఒక పళ్లెంలోవి మాత్రమే. రెండో పళ్లెంలో బరువైన ఇబ్బందులు రెండు ఉన్నాయి.

మొదటిది, పుటతోపాటు ఫాంటును స్వీకరించే సౌకర్యం ఫైర్‌ఫాక్స్‌కు 2009 జూన్‌లో వచ్చిన 3.5 కూర్పు వరకు లేదు. రెండోది మరింత విచిత్రమైనది. మూడో కూర్పుకు ముందు, కుడి ఎడమ అంచులు సమంగా ఉండేలా పేర్చిన పేరాలలో తెలుగు అక్షరాలు విడిపోయేవి. పంక్తిని సాగదీయడానికి బ్రౌజర్ ఖాళీని పదాల మధ్య మాత్రమే సర్దక, సంకేతాలను విడివిడిగా గీయడంతో వత్తులు తమ హల్లులను వదిలి పక్కకు జరిగేవి. ఎడమ అంచుకు పేర్చిన పేరాలో ఇదే పాఠం చక్కగా ఉండేది. అచ్చు పుస్తకపు పుటలా కనిపించాలని రెండు అంచులూ సమం చేసిన సాహిత్య రచనలకే ఈ కష్టం ఎక్కువ. అదే పుట ఎక్స్‌ప్లోరర్‌లో నిర్దోషంగా కనిపించడంతో, ఏది లేఖకదోషం, ఏది రచయిత దోషం అని పాఠకుడు తేల్చుకోవలసి వచ్చింది. లినక్స్ వాడేవారికి మరో చిక్కు: అక్షరాలను కూర్చే ‘పాంగో’ అన్న భాగాన్ని జతచేసి నిర్మించిన ఫైర్‌ఫాక్స్‌లోనే తెలుగు సరిగా కనిపించేది. 2008 జూన్‌లో వచ్చిన మూడో కూర్పుతో ఈ రెండో ఇబ్బంది చాలావరకు తొలగింది.

మొదటి ఇబ్బందికి పరిష్కారం మాత్రం అంతకుముందే, వాడుకరుల నుంచే వచ్చింది. అదే ‘పద్మ’ అన్న పొడిగింపు. ఫైర్‌ఫాక్స్‌కు దీన్ని జతచేసుకుంటే ఈనాడు, వార్త వంటి పత్రికల సొంత ఫాంటు పాఠాన్ని అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపేది. ప్రతి ఫాంటుకూ ఒక పట్టిక, ఏ స్థానంలో ఏ ముక్క ఉందో దాని వివరం, ముక్కలను ఉచ్చారణ క్రమంలోకి తెచ్చే నియమాలు: పద్మ పనితీరు స్థూలంగా ఇది. సొంత ఫాంటు ఉన్నవారికి పత్రిక కంటికి కనిపించేదే కాని, అందులోని వాక్యాన్ని వెతకడం, నకలు చేసి వ్యాసంలో ఉదాహరించడం సాధ్యమయ్యేది కాదు. పద్మ ద్వారా అవి సాధ్యమయ్యాయి. పరిశోధకుడి దృష్టితో చూస్తే, ఎక్స్‌ప్లోరర్ పత్రికను చూపగలిగింది, ఫైర్‌ఫాక్స్ పద్మతో కలిసి పత్రికను పాఠంగా మార్చగలిగింది. ట్యాబుల కన్నా, వేగం కన్నా ఇదే గట్టి కారణంగా కనిపిస్తుంది.

ఫైర్‌ఫాక్స్ పేరును తెలుగులో రాయడమే చిన్న పరీక్ష అన్న సంగతి కూడా ఇక్కడ గమనించదగినది. ‘ర్’ తరువాత ‘ఫా’ వత్తుగా కిందికి దిగకుండా ఉండాలంటే వాటి మధ్య కంటికి కనిపించని ఒక విభాజక సంకేతం ఉంచాలి. అది లేని రూపమూ ఉన్న రూపమూ కంప్యూటరు దృష్టిలో రెండు వేర్వేరు వరుసలు. అన్యదేశ్య పదాల వర్ణక్రమంపై పనిచేసేవారికి ఇది బ్రౌజర్‌ను మించిన సమస్య.

చేతి ఫోనులో ఒపేరా మినీ

2006 జనవరిలో ప్రపంచవ్యాప్తంగా అందుబాటులోకి వచ్చిన ఒపేరా మినీని తక్కువ ధర ఫోన్లలో వేగం కోసం, డేటా పొదుపు కోసం వాడారన్నది ప్రసిద్ధం. పుటను ఒపేరా వారి సర్వరు ముందుగా తెచ్చి, కుదించి ఫోనుకు పంపుతుంది. తెలుగువారు దాన్ని ఎంచుకోవడానికి మరో కారణం అందులోని ఒక మరుగు అమరికలో ఉంది. చిరునామా పట్టీలో ‘ఒపేరా:కాన్ఫిగ్’ అని రోమన్ అక్షరాలలో కొడితే తెరుచుకునే పుటలో, సంక్లిష్ట లిపులను బొమ్మలుగా చూపాలా అన్న ప్రశ్న ఉండేది. దానికి అవునంటే, తెలుగు ఫాంటు అసలే లేని ఫోనులో కూడా పాఠం చిన్న చిన్న బొమ్మలుగా గీయబడి వచ్చేది. డబ్బాలు తప్ప మరేమీ కనిపించని ఫోన్లలో తెలుగు చదవడానికి ఇది అక్కరకు వచ్చింది.

దీనికి చెల్లించిన మూల్యం లేకపోలేదు. బొమ్మగా వచ్చిన పాఠాన్ని నకలు చేయలేరు, అందులో పదాన్ని వెతకలేరు. పైగా చదివే ప్రతి పుటా మధ్యవర్తి సర్వరు మీదుగానే వస్తుంది. సర్వరులోనే అక్షరాలు గీయబడుతున్నందున, ఇక్కడ రాయసగాడు పాఠకుడి చేతిలోనే లేడు. అయినా ఎంపిక చేసుకునే స్థితిలో చాలామంది లేరు. ఆండ్రాయిడ్ ఫోన్లకు తెలుగు అండ వచ్చేదాకా ఈ ఏర్పాటు అవసరమైంది.

పేర్లు అనేకం, యంత్రాలు కొన్ని

2010 మార్చి నుంచి ఐరోపాలో విండోస్ వాడుకరులకు పన్నెండు బ్రౌజర్ల జాబితా చూపి ఎంచుకొమ్మని అడిగారు. ఎంపిక హక్కును చట్టం కాపాడిన సందర్భంగా దీన్ని చెబుతారు. కాని బ్రౌజర్ పేరు వేరు, లోపల పుటను గీసే యంత్రం వేరు. 2013లో ఒపేరా సంస్థ తన సొంత యంత్రాన్ని వదిలి క్రోమియం వైపు మళ్లింది. 2020 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ కూడా అదే దారి పట్టింది. 2022 జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు మైక్రోసాఫ్ట్ స్వస్తి చెప్పింది. ప్రధానంగా మిగిలినవి క్రోమ్ వర్గపు బ్లింక్, ఆపిల్ వెబ్‌కిట్, ఫైర్‌ఫాక్స్ గెకో. వీటిలోనూ క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ అక్షరాల కూర్పుకు ‘హార్ఫ్‌బజ్’ అన్న ఒకే ఉచిత భాగాన్ని వాడుతున్నాయి. అందువల్ల నేడు క్రోమ్ నుంచి ఫైర్‌ఫాక్స్‌కు మారిన పాఠకుడికి వత్తులలో తేడా కనిపించదు. 2005లో మొదటి ప్రశ్నగా ఉన్న లిపి నేటి పోలికలలో ప్రశ్నే కాదు.

యంత్రం ఒక్కటే అయినప్పుడు దోషమూ అందరికీ ఒక్కటే అవుతుంది. 2018 ఫిబ్రవరిలో ఇది బయటపడింది. ‘జ్ఞా’ అక్షరంలో దీర్ఘానికి ముందు పైన చెప్పిన విభాజక సంకేతం చేరిన ఒక వరుస ఐఫోన్ తెరపైకి వస్తే, దాన్ని చూపబోయిన అనువర్తనం కుప్పకూలేది. ఆపిల్ వారి అక్షర కూర్పు భాగంలోని లోపమిది. ఐఫోన్‌లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ పేర్లతో ఉన్న బ్రౌజర్లు కూడా అప్పటి ఆపిల్ నిబంధన ప్రకారం లోపల వెబ్‌కిట్‌నే వాడవలసి ఉన్నందున బ్రౌజర్ మార్చుకోవడం దానికి మందు కాలేదు. ఫిబ్రవరి 19న వచ్చిన 11.2.6 సవరణ దాకా ఆగవలసిందే. ప్రపంచ వార్తలలో తెలుగు అక్షరం ఒకటి ఇంతగా నలిగిన సందర్భాలు తక్కువ. ఆ వార్తలు చాలావరకు దాన్ని ‘ప్రమాదకర అక్షరం’గానే వర్ణించడం విచారకరం. దోషం అక్షరానిది కాదు, రాయసగానిది.

పాత పాఠాల విషయం ఇందుకు భిన్నం. 2017 నవంబరు 14న వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57వ కూర్పు పాత పద్ధతి పొడిగింపులన్నింటినీ నిరాకరించింది. వేగం, భద్రతల దృష్ట్యా ఆ నిర్ణయం సమంజసమే. దానితో పద్మ పనిచేయడం ఆగిపోయింది. పత్రికలు అప్పటికే యూనికోడ్‌కు మారుతున్నందున రోజూ పత్రిక చదివే పాఠకుడికి పెద్ద నష్టం కలగలేదు. 2000 ప్రాంతపు పత్రికా పుటలను, వాటి ఆదివారం కథలను, సాహిత్య పుటలను అంతర్జాల భాండాగారాలలో వెతికే పరిశోధకుడి పరిస్థితి అది కాదు. సొంత ఫాంటులో భద్రమైన పుట క్రోమ్‌లో తెరిచినా, ఎడ్జ్‌లో తెరిచినా, ఫైర్‌ఫాక్స్‌లో తెరిచినా రోమన్ గుర్తుల గుంపుగానే కనిపిస్తుంది. ట్రూడాక్ ఫాంటును గాని, ఎక్స్‌ప్లోరర్ కోసం చేసిన ఫాంటును గాని నేటి బ్రౌజర్ ఏదీ స్వీకరించదు. పాఠం మాత్రం నశించలేదు. ఒక్కొక్క పత్రిక ఫాంటుకు ఏ స్థానంలో ఏ ముక్క ఉండేదో తెలిపే పట్టిక చేతిలో ఉంటే ఆ పుటలను యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. తెలుగు శాఖలు తమ ప్రతుల సేకరణలో ఆ పట్టికలకు, ఆనాటి ఫాంటు ఫైళ్లకు ఇంకా చోటివ్వవలసి ఉంది.