మాడు వాసన కథ వెనుక మరుగైన లక్షణం

మెదడులో గడ్డకూ వాసనకూ ఉన్న సంబంధం అనగానే ఎక్కువగా చెప్పేది అమెరికన్ స్వరకర్త జార్జ్ గెర్ష్విన్ కథ. రబ్బరు కాలిన కంపు కొడుతోందని ఆయన చెబితే హిస్టీరియా అన్నారు. 1937 జూలై 11న, 38వ ఏట కన్నుమూశాడు. కుడి కణత లోపలి మెదడు భాగంలో గడ్డ ఉంది. కథ నిజమే కానీ, లేని వాసన తగలడం ఒక్కటే లక్షణమన్న అభిప్రాయం దానివల్లే పాతుకుపోయింది.

మూర్ఛకు ముందు దుర్వాసన తగిలే ఒక వంటమనిషి మెదడులో న్యూరాలజిస్టులు జాక్సన్, బీవర్ గడ్డను గుర్తించడం, 1899లో ఈ మూర్ఛలకు, మెదడులోని కొక్కెం ఆకారపు మడతను బట్టి, ‘అన్సినేట్’ అనే పేరు రావడం అందరూ రాసినవే.

నా దృష్టిలో అసలు చరిత్ర వాసన పోవడానిది. జాక్సన్ కేసుకు ముందే, 1887లో, రోమ్ సర్జన్ డురాంటే తాను గడ్డ తీసిన ఒక మహిళ గురించి లాన్సెట్‌లో రాశాడు. ఆమెకు వాసన పూర్తిగా పోయింది, ఎడమ కన్ను పక్కకు జరిగింది. 1911లో న్యూరాలజిస్టు ఫాస్టర్ కెనెడీ నుదుటి భాగపు గడ్డల లక్షణాలను ఒకచోట చేర్చాడు: గడ్డ ఉన్నవైపు కంటినరం క్షీణించడం, రెండో కంట్లో నరం వాయడం, గడ్డవైపు వాసన పోవడం. గవర్స్, పేటన్ అనే వైద్యులు అంతకుముందే కొంత గమనించారు కనుక ఘనత ఒక్కరిదే అనలేం. అయినా వైద్యుల చూపు కంటి మీదే నిలిచింది. ఒక ముక్కురంధ్రంలో వాసన పోతే రెండోది సర్దుకుంటుంది. ఇలాంటి గడ్డ తరచూ ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. రోగికే తెలియనిది అడగకపోతే బయటికి రాదు.

ఇక మన దేశానికి వస్తే, దక్షిణాదిలో 1949లో వెల్లూరులో జాకబ్ చాందీ, 1950లో మద్రాసులో రామమూర్తి న్యూరోసర్జరీ మొదలుపెట్టారు. ఇక్కడి మెదడు గడ్డల్లో క్షయ గడ్డలూ చాలా ఉండేవి కాబట్టి లేని వాసన తగిలినంత మాత్రాన ట్యూమర్ అని తేల్చడానికి వీల్లేదు. స్కానింగ్ వచ్చాక మేలు జరిగింది, నష్టమూ జరిగింది. కేస్‌షీట్లలో కపాల నరాలు ‘2 నుంచి 12 వరకు సరిగ్గా ఉన్నాయి’ అని రాయడం అలవాటైంది. మొదటిది, వాసన నరాన్ని, పరీక్షించే ఓపిక పోయింది. ఇది వైద్యవిద్య లోపమే.

వాసన పోయిన వారిలో చాలామందికి కారణం పడిశం, ముక్కులో కండ, తలకు దెబ్బ, 2020 తర్వాత కోవిడ్. అందరికీ స్కాన్ అక్కర్లేదు. కానీ జలుబు లేకుండా ఒకవైపే వాసన పోయి, తలనొప్పి, చూపు తగ్గడం, ప్రవర్తనలో మార్పు తోడైతే ఆగకూడదు. మెదక్ జిల్లా టేక్మాల్ లాంటి మండలాల్లోని డాక్టర్లకు నా మనవి: రోగి కళ్లు మూయించి, ఒక్కో ముక్కురంధ్రానికి విడిగా లవంగమో కాఫీపొడో వాసన చూపించండి. అమ్మోనియా వద్దు, దాని ఘాటు వేరే నరానికి తెలుస్తుంది.