ఎదమీద ఎవరి పేరు?

పూర్వపు కృష్ణామండలపు మెట్టభాగమున జగ్గయ్యపేట అను పట్టణము కలదు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు తమ తండ్రి జగ్గన్నగారి పేరు నిలుపుటకై బేతవోలును ఈ పేటగా తీర్చిరని ప్రసిద్ధి. కాని అంతకు పదునైదు వందల యేండ్లకు పూర్వమే ఆ ఊరి చెంతనే పేరు నిలుపుకొన్న మఱియొకడు ఉండెను. అతడు రాజు కాడు, జమీందారు కాడు, చేతిపనివాడు.

అచ్చటి బౌద్ధస్తూపమును 1882లో బర్జెస్ పండితుడు పరిశీలించి లోకమునకు తెలిపెను. ఆయక స్తంభములపై ప్రాకృత శాసనములు కనబడినవి. ఇక్ష్వాకు ప్రభువగు వీరపురుషదత్తుని ఇరువదవ పాలనావత్సరమున, అనగా క్రీస్తుశకము మూడవ శతాబ్దమున, సిద్ధార్థుడను శిల్పి మహాచైత్యము తూర్పువాకిట ఐదు స్తంభములను ప్రతిష్ఠించెను. తండ్రి పేరు, తల్లి పేరు, భార్యాబిడ్డల పేర్లు అన్నియు చెక్కించి, సమస్త ప్రాణుల మేలునకై ఈ దానమని ముగించెను. దాత పేరు స్తంభముపై నిలిచినది; చైత్యము మాత్రము బుద్ధునిదిగానే యుండెను.

ఈ పాత శాసనమును ఇప్పుడు తలచుకొనుటకు కారణము ఒక క్రికెట్టు చొక్కా.

నందిగామనుండి జగ్గయ్యపేటకు పోవు దారిలో, సాయంకాలమైనచో పంట తీసిన చేలలోను, బడి ఆవరణలలోను క్రికెట్టాడు పిల్లలు కనబడుదురు. కొందఱు భారతజట్టు చొక్కాను పోలిన నీలిచొక్కా తొడిగికొందురు. వీపున అభిమాన ఆటగాని పేరు, రొమ్మున ఒక వ్యాపారసంస్థ పేరు. వీపుమీది పేరు పిల్లవాడు కోరుకొన్నది. రొమ్ముమీది పేరు ఒకరు అమ్మినది, ఒకరు కొన్నది. ఈ రెండవ పేరును గూర్చియే ఇటీవల అభిమానులలో పెద్ద చర్చ సాగినది.

2023 జులైలో భారత క్రికెట్ నియంత్రణమండలి డ్రీమ్ ఎలెవెన్ అను సంస్థను మూడేండ్లకు ప్రధాన స్పాన్సరుగా స్వీకరించెను. ఆ నెలలోనే మనజట్టు వెస్టిండీస్‌తో డొమినికాలో టెస్టు ఆడెను. తెల్లచొక్కా రొమ్మున ఆ సంస్థ పేరు ఎఱ్ఱని అక్షరములలో నుండెను. ఇండియా అను మాట ముందువైపున లేదు. నెలదినముల క్రిందటనే లండనులోని ఓవల్ మైదానమున, ప్రపంచ టెస్టు ఛాంపియన్‌షిప్ తుదిపోటీలో, అదే చోట దేశము పేరు ఉండెను. అభిమానులు ఈ తేడాను ఇట్టే పసిగట్టిరి. దేశము పేరు ఏమైనదని నిలదీసిరి. అంతర్జాతీయ మండలి నడుపు పోటీలలో దేశనామము రొమ్మునను, స్పాన్సరు పేరు చేతిమీదను ఉండవలెనని నియమము కలదు. రెండు దేశములు తమలో తాము ఏర్పాటు చేసికొను పోటీలలో ఆ నిర్బంధము లేదు. అందువలన ఇది నియమభంగము కాదు. అయినను నియమము ఒప్పినదంతయు మనసు ఒప్పదు గదా!

తెలుగువారికి ఈ విషయమున మఱియొక చిక్కు కలదు. ఊహాజట్టును కూర్చి, రుసుము కట్టి, గెలిచినచో సొమ్ము పొందు పోటీలు అప్పుడు ఆ సంస్థ వ్యాపారము. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను తమ 1974నాటి జూదనిరోధ చట్టములను సవరించి, సొమ్మొడ్డి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించినవి. జగ్గయ్యపేటవాడు గరికపాడు దాటి కోదాడకు పోయినను నిషేధమే. నందిగామమీదుగా బెజవాడకు వచ్చినను నిషేధమే. హైదరాబాదు వాడైన మహమ్మద్ సిరాజ్ ఆ డొమినికా టెస్టులో ఆ చొక్కాతోనే బంతులు వేసెను. అది అతని తప్పు కాదు. చొక్కా ఎన్నుకొనునది ఆటగాడు కాడు. కాని ఈ మెట్టయూళ్ళలో ఒక తండ్రి తన కుమారునితో, ఫోనులో సొమ్మొడ్డి ఆడవద్దని చెప్పవలసియున్నది. ఆ కుమారుని రొమ్ముమీది అక్షరములు వేఱొక మాట చెప్పుచున్నవి. ఇల్లొకటి చెప్పగా, చొక్కా ఇంకొకటి చెప్పినచో పిల్లవాడు దేనిని నమ్మవలెను?

ఆటకు, వ్యాపారమునకు చెలిమి క్రొత్తది కాదు. మచిలీపట్నపు వంశీయుడు, 1932లో లార్డ్స్ మైదానమున భారతజట్టు తొలి టెస్టుకు నాయకుడు, కొఠారి కనకయ్యనాయుడుగారు 1941లో బాత్‌గేట్ లివర్ టానిక్కు ప్రకటనకు తన పేరిచ్చిరి. ప్రకటనకు పేరిచ్చిన తొలి భారత క్రికెటరు ఆయనయేనని చెప్పుదురు. అయితే ఆయన ఇచ్చినది తన పేరు మాత్రమే. జట్టు చొక్కాను కాదు.

చొక్కామీదికి వ్యాపారము ప్రాకిన కథలో ఇంగ్లండునందలి కెటరింగ్ పట్టణపు ఫుట్‌బాలు జట్టునకు ప్రసిద్ధి కలదు. 1976 జనవరిలో ఆ జట్టు తన చొక్కాలపై 'కెటరింగ్ టైర్స్' అని వ్రాయించుకొని ఆడెను. ఫుట్‌బాలు సంఘమువారు తుడిపివేయుడని ఆజ్ఞాపించిరి. జట్టు నిర్వాహకుడు డెరెక్ డూగన్ జాణ. చివరి అక్షరములు తీసివేసి 'కెటరింగ్ టి' అని మాత్రము మిగిల్చెను. టి యనగా టౌన్ అని వాదించెను. జుల్మానా బెదిరింపు రాగా అదియు పోయినది. కాని మఱుసటి యేడే సంఘము చొక్కామీది ప్రకటనలను అనుమతించినది. ఒక జట్టు మొండితనము అందఱకు ఆచారమైనది.

మనదేశమున 1990ల దశకములో జట్టు చొక్కాపై విల్స్ అను సిగరెట్టు పేరు వెలసెను. పొగాకు ప్రకటనలను నిషేధించు బిల్లును ప్రభుత్వము సంకల్పింపగా, 2001లో ఆ సంస్థ క్రీడల స్పాన్సరు పనినుండి విరమించుకొనెను, 2003లో చట్టమైనది. తరువాత సహారా, స్టార్, ఒప్పో, బైజూస్ వరుసగా వచ్చినవి. బైజూస్‌నుండి రావలసిన 158 కోట్ల రూపాయలకై క్రికెట్ మండలియే దివాలా న్యాయస్థానమునకు పోవలసివచ్చెను. నీలిచొక్కాపై పేరు వ్రాయించుకొన్నవారికి శని పట్టునని అభిమానులు పరిహాసమాడుట కలదు. శని మాట అటుండనిండు. ఆ పేర్ల ఆయుష్షు మాత్రము స్వల్పము.

2025 ఆగస్టులో పార్లమెంటు సొమ్మొడ్డు ఆన్‌లైన్ ఆటలను దేశమంతట నిషేధించు చట్టము చేసెను. 22వ తేదీన రాష్ట్రపతి ఆమోదము లభించెను. డ్రీమ్ ఎలెవెన్‌తో ఒప్పందము ముగిసినది. ఇట్లు రెండుమార్లు చొక్కామీది పేరును తొలగించినది చట్టమే. తెలుగు రాష్ట్రములు ముందే పెట్టిన హద్దు అప్పుడు దేశమంతటికి వచ్చెను.

వెంటనే సెప్టెంబరులో ఆసియాకప్పు పోటీలు. క్రొత్త స్పాన్సరు కుదురులోగా మనజట్టు స్పాన్సరు పేరు లేక, రొమ్మున ఇండియా అను పేరు ధరించి ఆడెను. 28వ తేదీన దుబాయిలో పాకిస్తానుతో తుదిపోటీ. ఆరంభముననే వికెట్లు పడగా, హైదరాబాదు యువకుడు తిలక్ వర్మ చివఱదాక నిలిచి, 69 పరుగులతో అజేయుడై గెలిపించెను. ఆనాటి ఛాయాచిత్రములలో అతని రొమ్మున దేశనామమే కలదు, జట్టు స్పాన్సరు పేరు లేదు. 2023లో అభిమానులు అడిగినది ఈ దృశ్యమునే.

ఆ పోటీలు సాగుచుండగనే, 16వ తేదీన అపోలో టైర్స్ సంస్థ స్పాన్సరు హక్కును 579 కోట్లకు పొందెను. కెటరింగ్ వలెనే ఇచ్చటను టైర్లే! ఈ సంస్థకు మన చిత్తూరు ప్రాంతమున, చినపాండూరులో, 2020లో నెలకొల్పిన కర్మాగారము కలదు. టైరు అనగా ఎడ్లబండికి, ట్రాక్టరుకు, లారీకి కావలసిన వస్తువు. తండ్రి కొడుకునకు సంజాయిషీ చెప్పుకొనవలసిన పనిలేదు. మైదానములకు, శిక్షణకు, పోటీల నిర్వహణకు ధనము కావలెను. దాతను వలదనుట వివేకము కాదు.

కాని రెండు ప్రశ్నలు మిగులును. ఇచ్చువాడు ఏ వ్యాపారముతో ఇచ్చుచున్నాడు? అతని పేరు ఎచ్చట నిలుచుచున్నది? అభిమానుల కోపమంతయు ఈ రెండింటి చుట్టునే తిరిగినది. సిద్ధార్థ శిల్పి రెండింటికిని సమాధానము చెప్పియున్నాడు. అతడిచ్చినది స్వయముగా ఎఱిగిన పనియొక్క ఫలము. అతని పేరు నిలిచినది స్తంభముమీద, చైత్యమునకు మాఱుగా కాదు.

బెజవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. నాటినుండి ఎన్నియో ఇండ్లలో ఆటను చెవులతోనే చూచిరి. వ్యాఖ్యాత గొంతులో చొక్కా కనబడదు. ఇండియా ఇన్ని పరుగులు, ఇన్ని వికెట్లు అను మాటయే వినబడును. వినువారికి ఆ ఒక్క పేరే చాలియుండెను. చూచువారు కోరునదియు అదియే: దాతలెందఱున్నను, ఎదమీద మొదటిచోటు దేశము పేరునకే ఉండవలెను.