ఏటికి చోటిచ్చిన ఊరు

కూనవరం దగ్గర గోదావరి నిండిందంటే చింతూరులో శబరి వెనక్కి తంతుంది. ఎగపోటు నీళ్లకు చప్పుడుండదు, మెల్లగా గుమ్మం ఎక్కుతాయి. అలా చూస్తూ పెరిగిన నాకు, నెదర్లాండ్స్‌లో ఏటి ఒడ్డు ఊరే దొరికింది. పేరు లెంట్. వాల్ నదికి ఉత్తరపు గట్టున ఉంటుంది. ఎదురొడ్డున రోమన్ల కాలం నాటి నైమేఖన్ నగరం.

వాల్ అంటే రైన్ నది పాయే. జర్మనీ నుంచి సరిహద్దు దాటగానే రైన్ చీలుతుంది, మూడింట రెండు వంతుల నీరు ఇటే వస్తుంది. ధవళేశ్వరం దిగువన గోదావరి చీలినట్టే అనుకోండి. వరద మాత్రం జూలై, ఆగస్టుల్లో కాదు, ఎక్కువగా చలికాలంలో.

1936లో రోడ్డు వంతెన వచ్చేదాకా లెంట్‌లో రోడ్డున వెళ్లేవాళ్లకు పడవే దిక్కు. 1657 నుంచి నడిచిన ఆ పడవకు తెడ్డు లేదు. ఎగువన నది మధ్యలో లంగరు వేసి, పొడవాటి తాడుతో పడవను కట్టేవారు. పడవను కాస్త ఏటవాలుగా తిప్పితే ప్రవాహమే దాన్ని అవతలి ఒడ్డుకు నెట్టేది. శబరి మీద పడవలు నడిపినవాళ్లకు ఈ కిటుకు నచ్చుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 సెప్టెంబర్ 20న ఆ రోడ్డు వంతెన కోసమే అమెరికన్ సైనికులు పట్టపగలు గుడ్డ పడవల్లో వాల్ దాటారు. ఆ దాటడంలో పోయిన 48 మంది కోసం, అక్కడ 2013లో కట్టిన కొత్త వంతెన మీద 48 జతల దీపాలున్నాయి. రోజూ సాయంత్రం అవి జతజతగా వెలుగుతుంటే ఒక మాజీ సైనికుడు వాటి వెంట నడుస్తాడు.

ఈ దేశంలో కరకట్టలు చూసుకునే సంఘాలు రాజరికం కన్నా పాతవి, ఇప్పటికీ వాటికి ఎన్నికలు జరుగుతాయి. వందల ఏళ్లు వాళ్లకు తెలిసిన మందు ఒక్కటే: నీరు పెరిగితే కట్ట పెంచడం. 1995లో ఆ కట్టలు తెగుతాయని భయపడి రెండున్నర లక్షల మందిని ఇళ్లు ఖాళీ చేయించారు. ఆ తర్వాత ఆలోచన తిరగబడింది. 'నదికి చోటు' అనే పథకం కింద 30కి పైగా చోట్ల ఏటికే జాగా వదిలారు.

లెంట్‌లో కట్టను 350 మీటర్లు లోపలికి జరిపి, మధ్యలో కొత్త పాయ తవ్వారు. అందుకోసం 50 ఇళ్లు పోయాయి. జనం ఊరుకోలేదు, ఏళ్ల తరబడి కొట్లాడారు. అయినా పని 2013లో మొదలై మూడేళ్లలో ముగిసింది. పాత కట్ట వెంట మిగిలిన ఇళ్లు ఇప్పుడు లంక మీద ఉన్నాయి.

పోల్చి చూడకుండా ఉండలేను. ఇక్కడ 50 ఇళ్లు లేచినా, ఊరు పక్కనే ఉంది. 2014లో ఆంధ్రలో కలిసిన మన మండలాల్లో పోలవరం ప్రాజెక్టు కోసం ఊళ్లకు ఊళ్లే లేవాలి. ఏటికి చోటివ్వడం, రిజర్వాయరుకు చోటివ్వడం ఒకటి కావు. పునరావాస కాలనీలో ఇల్లొస్తుంది సరే, అడవి, ఇప్పచెట్టు, ఏరు ఏ ప్యాకేజీలో వస్తాయి?

మీ గోడల మీద 1986 వరద గుర్తు గానీ, 2022 గుర్తు గానీ ఉంటే, ఇల్లు ఖాళీ చేసేలోపు పక్కన మనిషిని నిలబెట్టి ఫొటో తీసి ఉంచండి.