ప్రశ్నతో మొదలయ్యే ధర్మగ్రంథం

సాయంకాలపు ప్రార్థన ఏ వేళ నుంచి చెయ్యాలి? యూదుల తాల్ముద్ ఈ ప్రశ్నతోనే మొదలవుతుంది. దైవస్తుతి లేదు, పీఠిక లేదు. ఎప్పటిదాకా చెయ్యవచ్చన్న దగ్గర అప్పుడే వాదం. రాత్రి మొదటి జాము ముగిసేదాకా అంటాడు రబ్బీ ఎలియెజెర్. అర్ధరాత్రి దాకా అంటారు తక్కిన పండితులు. తెల్లవారేదాకా అంటాడు రబ్బాన్ గమలియేలు. ఆయన కొడుకులు ఓ రాత్రి పెళ్లివిందు నుంచి బాగా పొద్దుపోయి ఇంటికొచ్చి, ప్రార్థన చేసుకోలేదని తండ్రితో చెప్పారట. ఇంకా తెల్లవారలేదు కనుక చేసుకోవలసిందే అన్నాడాయన. ధర్మశాస్త్రం తొలి పుటలోనే ఒక ఇల్లు, ఆలస్యంగా వచ్చిన పిల్లలు!

ఉదయాన్ని వదిలేసి సాయంత్రాన్ని ముందెందుకు చెప్పారని తర్వాతి పండితులు అడిగారు. ఆదికాండం సృష్టి వర్ణనలో సాయంత్రమే ముందు వస్తుంది కదా అన్నది జవాబు. యూదుల రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. అందుకే శుక్రవారం పొద్దు గూకకముందే దీపాలు వెలిగించి సబ్బాతును ఆహ్వానిస్తారు. పస్కా విందు రాత్రిపూటే. యోం కిప్పూర్ ఉపవాసమూ సాయంత్రమే మొదలు.

యూదుల బైబిలు, క్రైస్తవుల పాత నిబంధన ఒకటేనా అని మనవాళ్లు తరచూ అడుగుతారు. మోషే ఐదు కాండాలు తోరా. ప్రవక్తల గ్రంథాలు, ఇతర రచనలు కలిపితే 24 పుస్తకాల తనఖ్. ప్రొటెస్టెంట్లు అవే గ్రంథాలను 39గా లెక్కిస్తారు, వరస వేరు. అసలు తేడా చదివే తీరులో ఉంది. కంటికి కన్ను అన్న తోరా శాసనాన్ని తాల్ముద్ పండితులు దెబ్బ తగిలినవాడికి సొమ్ము రూపంలో చెల్లించాల్సిన పరిహారంగా నిర్ణయించారు. ఆ మాటను పట్టుకుని యూదుమతం పగతీర్చుకునే మతమనేవారు ఈ చర్చ చదవలేదన్నమాట.

క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని తగలబెట్టారు. బలిపీఠం పోయింది, యాజకులకు పని లేకుండా పోయింది. యోహానాన్ బెన్ జక్కై అనే పండితుడు యవ్నె పట్టణంలో శిష్యులను చేరదీసి చదువును నిలబెట్టాడు. 200 ప్రాంతంలో యెహూదా హనాసి మౌఖిక ధర్మాన్ని మిష్నాగా కూర్చాడు. ఇప్పటి ఇరాక్‌లో ఉన్న సూరా, పుంబెదిత విద్యాపీఠాల్లో తరతరాలు దానిపై సాగించిన తర్కం గెమారా. రెండూ కలిసిందే బాబిలోనియా తాల్ముద్.

ఇందులో నన్ను కట్టిపడేసేది ఓడిపోయిన వాదానికి దక్కిన చోటు. హిల్లేలు, షమ్మాయి అనే ఇద్దరు పండితుల శిష్యవర్గాల మధ్య వాదాల్లో తీర్పు హిల్లేలు వర్గం పక్షాన వచ్చినా షమ్మాయి వర్గం మాటను కొట్టివేయలేదు. ఒక్కడి అభిప్రాయాన్ని ఎందుకు రాసిపెట్టాలని మిష్నాయే అడిగి, రేపటి న్యాయసభకు అది ఆధారం కావచ్చని చెబుతుంది. ఎటూ తేలని వాదాలను తేలనట్టే ఉంచేశారు. ఇంత నిజాయితీ ఏ శాస్త్రానికైనా అలంకారమే.

పుట అమరిక కూడా అలాంటిదే. డేనియల్ బాంబెర్గ్ అనే క్రైస్తవ ముద్రాపకుడు 1520-23 మధ్య వెనిస్‌లో తొలిసారి పూర్తి తాల్ముద్ అచ్చువేశాడు. నడుమ మూలం, ఒక పక్క రాషీ వ్యాఖ్య, రెండో పక్క ఆయన మనవలు, వారి తర్వాతివారు లేవనెత్తిన అభ్యంతరాలు. మల్లినాథుడు లేకుండా కాళిదాసు కొరుకుడుపడనట్టే, ఫ్రాన్స్‌కు చెందిన ఈ రాషీ (1040-1105) లేకుండా తాల్ముద్ ముందుకు సాగదు. బాంబెర్గ్ వేసిన పత్రసంఖ్యలే నేటికీ వాడుక.

తాల్ముద్‌ను మాత్రం ప్రశాంతంగా బతకనివ్వలేదు. 1242లో పారిస్‌లో బండ్లకొద్దీ ప్రతులు తగలబెట్టారు. 1553లో రోమ్‌లో మళ్లీ మంట. 1342 నాటి మ్యూనిక్ ప్రతి ఒక్కటే దాదాపు సంపూర్ణంగా మిగిలిన చేతిరాత ప్రతి. నాజీల మారణహోమం తర్వాత, బతికి బయటపడినవారి కోసం అమెరికా సైన్యం సాయంతో జర్మనీలోనే హైడెల్‌బర్గ్‌లో తాల్ముద్ 19 సంపుటాలుగా అచ్చయింది. ముఖపత్రం మీద కింద ముళ్లకంచె, పైన యెరూషలేము.

చదవాలనుకునేవారు మిష్నాలోని చిన్న భాగం పిర్కే అవోత్‌తో ఆరంభించండి. అందులో విధినిషేధాల చిక్కులు లేవు, నీతివాక్యాలే. ఇంగ్లిష్ అనువాదం సెఫారియా వెబ్‌సైట్లో ఉచితం. ఒంటరిగా మాత్రం వద్దు. మీ మాటకు అడ్డుతగిలే మిత్రుణ్ణి ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. యూదులు దీన్ని చదివేది జంటగానే.