చుక్క లేని ప్రశ్న

బరంపురంలో వరాహగిరి వెంకట జోగయ్య పంతులు పేరున్న వకీలు. 1927లో ఆయన కేంద్ర శాసనసభకు వెళ్లేనాటికి, ఇవాళ మనం పాత పార్లమెంటు అంటున్న గుండ్రటి భవనానికి ఇంకా కొత్త సున్నపు వాసన పోయి ఉండదు. ఆ జనవరిలోనే దాన్ని ప్రారంభించారు. అధ్యక్ష పీఠం మీద విఠల్‌భాయ్ పటేల్. సభా కార్యకలాపాల పుస్తకాల్లో పంతులుగారి పేరు పక్కనే ఆయన నియోజకవర్గం పేరు ఉంటుంది: గంజాం కం విశాఖపట్నం. 1934లో ఆయన కొడుకు కూడా అదే సభకు ఎన్నికయ్యాడు. ఆ కొడుకు వి.వి.గిరి. 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టి, అక్కడి ఖల్లికోట కాలేజీలో చదివి, న్యాయశాస్త్రం కోసం డబ్లిన్ వెళ్లి, తిరిగొచ్చాక రైల్వే కార్మికుల్లో కలిసిపోయినవాడు.

తండ్రికీ కొడుక్కీ ఆ సభలో దొరికిన ఆయుధం ఒకటే, ప్రశ్న. ముందుగా కాగితం మీద రాసి ఇవ్వాలి. ప్రభుత్వం జవాబు చెప్పాలి. ఆ జవాబు అచ్చయి నిలిచిపోవాలి. వినడానికి ఇంతే. కానీ గంజాం జిల్లా మనిషి ఒకడు లేచి సర్కారును ఫలానా సంగతి ఏమైందని అడగగలిగే రోజు రావడానికి ఒక తరం పైగా పట్టింది.

1866 సంగతి చూడండి. ఆ ఏడాది కరువును ఒడియావాళ్లు ఇప్పటికీ 'నఅంక' అంటారు. గజపతి రాజుల పాలన ఏళ్లను లెక్కపెట్టే 'అంక' పద్ధతిలో అది తొమ్మిదో ఏడు, అందుకని ఆ పేరు. ఒరిస్సాలో దాదాపు పది లక్షల మంది పోయారని అంచనా. అప్పట్లో కటకం, పూరీ కలకత్తా ఏలుబడిలో ఉండేవి. గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉత్తరపు కొస. మద్రాసు గవర్నరు లార్డ్ నేపియర్ ఆ ఏడే గంజాం వచ్చి కరువును కళ్లారా చూశాడు. కానీ ఈ చావులకు సంజాయిషీ అడిగింది ఎక్కడ? లండన్‌లో. 1867లో కామన్స్ సభలో ఇండియా మంత్రి స్టాఫర్డ్ నార్త్‌కోట్ లేచి సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. ఇక్కడి మద్రాసు కౌన్సిల్లో మాత్రం 1861 చట్టం ప్రకారం సభ్యుల పని చట్టాలు చేయడం వరకే. ప్రశ్న అడిగే హక్కు ఎవరికీ లేదు. ఎవరి ఇంట్లో గింజలు అయిపోయాయో వాళ్ల తరఫున ఆ గదిలో నోరు విప్పే దారే లేదు.

ఆ దారి 1892 చట్టంతో తెరుచుకుంది. ఆరు రోజుల ముందు నోటీసు ఇచ్చి సభ్యుడు ప్రశ్న అడగవచ్చు. ఇచ్చిన జవాబు మీద చర్చ లేదు, మారు ప్రశ్న లేదు. అయినా ఆ చిన్న సందులోంచి వచ్చిన తొలి ప్రశ్నను తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. 1893 ఫిబ్రవరి 16న వైస్రాయ్ కౌన్సిల్లో భింగా మహారాజు అడిగాడు: దొరలు క్యాంపులకు వచ్చినప్పుడు సరుకులు సమకూర్చలేక పల్లెటూరి కొట్లవాళ్లు పడుతున్న ఇబ్బందుల గురించి. అడిగినవాడు రాజు, బాధ మాత్రం చిల్లర కొట్టువాడిది. ఇండియాలో ప్రశ్న పుట్టడమే ఇలా పుట్టింది. దొరగారి టూరు అంటే గుడ్లూ కోళ్లూ ఎక్కడ తేవాలా అని గుండెలు బాదుకున్న ప్రతి ఊరికీ ఆ ప్రశ్న తెలిసినదే.

మద్రాసు కౌన్సిల్లో ఆ దశాబ్దంలోనే రాజమండ్రి వకీలు న్యాపతి సుబ్బారావు పంతులు కూర్చున్నారు. ఈ ప్రశ్నలను ఆనాటి పత్రికలు 'ఇంటర్‌పెల్లేషన్లు' అనేవి. 1909 సంస్కరణలతో, జవాబు నచ్చకపోతే ప్రశ్న వేసిన సభ్యుడే అనుబంధ ప్రశ్న వేసే వీలు వచ్చింది. 1919 చట్టం తర్వాత సభలో ఎవరైనా వేయవచ్చు అన్నారు. తప్పించుకున్న జవాబును వెంటబడి పట్టుకునేది ఈ అనుబంధ ప్రశ్నే కనుక, ఇది చిన్న మార్పు కాదు.

ఇక్కడ బరంపురం కథలోకి మళ్లీ వస్తుంది, ఈసారి జవాబు చెప్పే కుర్చీలోకి. బరంపురం వకీలు అన్నెపు పరశురామదాసు పాత్రో 1921 జులైలో మద్రాసు ప్రెసిడెన్సీ విద్యామంత్రి అయ్యారు. 1926 దాకా ఆ పదవిలో ఉన్నారు. అప్పటిది ద్వంద్వ ప్రభుత్వం. బడులు, స్థానిక సంస్థలు, ఎక్సైజు లాంటివి ఎన్నికైన మంత్రుల చేతుల్లో ఉండేవి. భూమి శిస్తు, పోలీసు, నీటిపారుదల గవర్నరు, ఆయన కౌన్సిలర్ల చేతుల్లో. అంటే గంజాం సభ్యుడు బడి గురించి అడిగితే తన జిల్లా మంత్రే జవాబు చెప్పాలి. శిస్తు గురించో కాలువ నీళ్ల గురించో అడిగితే జవాబు చెప్పేది ఓటరుకు ఏ బాధ్యతా లేని అధికారి. జమీందారీలతో నిండిన గంజాంలో రైతు కడుపుకు తగిలే ప్రశ్నలన్నీ ఆ రెండో గుంపులోనే ఉండేవి. అదే జిల్లా నుంచి వచ్చిన బిశ్వనాథ్ దాస్ ఆ రోజుల్లో మద్రాసు కౌన్సిల్ సభ్యుడు.

పాత్రో ఉన్న మంత్రివర్గం మీదే 1923 నవంబరులో కట్టమంచి రామలింగారెడ్డి అవిశ్వాస తీర్మానం తెచ్చారు. దేశంలో అలాంటి తీర్మానం అదే మొదటిది. 44 ఓట్లు అనుకూలంగా, 65 వ్యతిరేకంగా పడ్డాయి. మూడేళ్లకు పాత్రో బిల్లుతో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. దాని తొలి ఉపాధ్యక్షుడు ఎవరంటే ఆ కట్టమంచివారే. సభలో నిలదీయడాన్ని పగగా పెట్టుకోని కాలం ఒకటి ఉండేదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ కనబడదు.

1936 ఏప్రిల్ 1న గంజాం ప్రశ్నల చిరునామా మారిపోయింది. ఒరిస్సా వేరే రాష్ట్రమైంది. బరంపురం, ఛత్రపురం అటు వెళ్లాయి, ఇచ్ఛాపురం మద్రాసులో మిగిలింది. మరుసటి ఏడు జులై 28న కటకంలోని రావెన్‌షా కాలేజీ హాల్లో 60 మంది సభ్యులతో కొత్త శాసనసభ కూర్చుంది. ఒకప్పుడు మద్రాసు సభలో అడిగేవాళ్లలో ఒకడైన బిశ్వనాథ్ దాస్ ఇప్పుడు ఒరిస్సా ప్రధాని. 1938లో గవర్నరు సెలవు మీద వెళ్తూ, మంత్రుల కింద పనిచేసే డెయిన్ అనే ఐసీఎస్ అధికారిని తాత్కాలిక గవర్నరుగా పెట్టబోతే, దాస్ రాజీనామాకు సిద్ధపడ్డారు. మాకు జవాబు చెప్పవలసినవాడు మా మీద ఎలా కూర్చుంటాడన్నది ఆయన పట్టు. గవర్నరే సెలవు రద్దు చేసుకున్నాడు.

గిరి దారి వేరు. బరంపురం మీదుగా పోయే బండ్లు బెంగాల్ నాగపూర్ రైల్వేవి. 1928లో ఆ కంపెనీ కార్మికుల సమ్మెను ఆయన నడిపించాడు. కేంద్ర సభలో కూర్చున్నాక కార్మికుల గొంతు ఆయనదే. 1937లో బొబ్బిలి రాజాను ఓడించి మద్రాసులో మంత్రి అయ్యాడు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు వచ్చి కేంద్ర కార్మికమంత్రి అయ్యాడు. బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చేయడంతో 1954లో ఆ పదవి వదిలేశాడు. 1967లో ఉపరాష్ట్రపతిగా రాజ్యసభ అధ్యక్ష పీఠం ఎక్కాడు. అంటే ప్రశ్న అడిగాడు, ప్రశ్నకు జవాబు చెప్పాడు, ప్రశ్నల వేళను నడిపాడు. రాష్ట్రపతిగా తన ఎన్నిక మీద దావా పడితే, 1970లో ఆ పదవిలో ఉంటూనే సుప్రీంకోర్టుకు స్వయంగా వచ్చి సాక్ష్యం ఇచ్చాడు. అక్కడ వకీళ్లు అడిగారు, రాష్ట్రపతి జవాబు చెప్పాడు.

పార్లమెంటులో ఇప్పుడు ప్రశ్నలు రెండు రకాలు. చుక్క గుర్తున్నవాటికి మంత్రి సభలో నోటితో జవాబిస్తాడు. లోక్‌సభలో రోజుకు 20. చుక్క లేనివాటికి రాతపూర్వక జవాబు సభ ముందు పెడతారు. రోజుకు 230 దాకా. పేపర్లలో గొడవంతా మొదటి రకానిదే. ఊరి సంగతి తేలేది మాత్రం ఎక్కువగా రెండో రకంలో. ప్రశ్న రాయడం కూడా ఒక విద్యే. 150 మాటలు దాటకూడదు. అభిప్రాయం అడగకూడదు, వాదించకూడదు, ఎత్తిపొడవకూడదు, ఎవరినీ నిందించకూడదు. ఎన్ని, ఎప్పుడు, ఎంత అని సూటిగా అడిగినప్పుడే తప్పించుకునే సందు ఇరుకవుతుంది. సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు పెడతాం అని మంత్రి రాస్తే అది హామీ కింద లెక్క. దాన్ని వెంటాడడానికి 1953 నుంచి లోక్‌సభలో హామీల కమిటీ ఉంది. 1957లో జీవిత బీమా సంస్థ డబ్బుతో ముంద్రా కంపెనీల షేర్లు కొన్న సంగతి ఇలాంటి ప్రశ్నతోనే మొదలై, ఆర్థికమంత్రి టి.టి.కృష్ణమాచారి రాజీనామా దాకా వెళ్లింది.

1996లో బరంపురం ఓటర్లు తెలుగువాడైన పి.వి.నరసింహారావును లోక్‌సభకు పంపారు. నంద్యాలలోనూ గెలిచిన ఆయన బరంపురాన్నే ఉంచుకున్నారు. ఐదేళ్లు ప్రధానిగా జవాబు చెప్పిన మనిషి గంజాం తరఫున మామూలు సభ్యుడిగా కూర్చున్నాడు.

ఇక 2020. గంజాం పల్లెల నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లినవాళ్లు లక్షల్లో ఉంటారు. లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగాక, మే నెలలో శ్రామిక్ రైళ్లు వాళ్లను సూరత్ నుంచి బరంపురం దగ్గరి జగన్నాథపూర్ స్టేషన్‌కు తెచ్చి దింపాయి. సెప్టెంబరులో పార్లమెంటు కూర్చున్నప్పుడు ప్రశ్నోత్తరాల సమయమే తీసేశారు. నోటి జవాబు లేదు, అనుబంధ ప్రశ్న లేదు. చుక్క లేని రాత ప్రశ్నలు మాత్రం మిగిలాయి, దాదాపు 1892 నాటి హక్కు అంత. సెప్టెంబరు 14న లోక్‌సభలో కార్మిక శాఖకు వేసిన ప్రశ్న: వలస కార్మికులు ఎంతమంది చనిపోయారు? కార్మికమంత్రి సంతోష్ గంగ్వార్ రాతపూర్వకంగా ఇచ్చిన జవాబులో, సొంత రాష్ట్రాలకు తిరిగి వెళ్లినవాళ్లు కోటీ 4 లక్షల పైచిలుకు అని ఉంది. చనిపోయినవాళ్ల లెక్క మాత్రం తమ దగ్గర లేదని, అందువల్ల పరిహారం మాటే రాదని ఉంది.

నాలుగు రోజులకు రాజ్యసభలో డెరెక్ ఓబ్రియన్ ప్రశ్న రైల్వేశాఖకు వెళ్లింది. ఈసారి అడిగింది శ్రామిక్ రైళ్లలో ప్రయాణిస్తూ చనిపోయినవాళ్ల గురించి మాత్రమే. రాష్ట్ర పోలీసుల వివరాలతో రైల్వేమంత్రి పీయూష్ గోయల్ రాతపూర్వకంగా సంఖ్య ఇచ్చారు. సెప్టెంబరు 9 వరకు 97 మంది. వాళ్లలో 87 మంది శవాలను పోస్టుమార్టానికి పంపారు, అప్పటికి 51 రిపోర్టులు అందాయి.